కంట్రోలరమ్మ కోపానికి ఆపరేషన్

బస్టాండులో కంట్రోలరమ్మ అరిచిందంటే మొరాయించిన ఇంజన్లు కూడా స్టార్టవుతాయని డ్రైవర్లు చెప్పుకునేవాళ్లు. కాస్త ఎక్కువ చేసే చెప్పారులెండి. కానీ టీ కొట్టు దగ్గర కబుర్లలో పడ్డ డ్రైవరు ఆ గొంతు వింటే గ్లాసు అక్కడే వదిలేసి పరుగు తీసేవాడు, అది మాత్రం నిజం. ఆవిడకు వాళ్లు పెట్టిన పేరు సైరన్. ఇంట్లో ఆ సైరన్ మోత వినేది ఒక్కడే, కర్టెన్లు కుట్టుకునే ఆవిడ మొగుడు. ఎవరైనా జాలిపడితే "పోనీలెండి, మనసు మంచిదే" అని మళ్లీ మిషను తొక్కుకునేవాడు.

ఈమధ్య ఆ కోపం మరీ ముదిరింది. దానికి తోడు ఒళ్లు నొప్పులు, నీరసం, మతిమరుపు. కిడ్నీలో రాళ్లు తీయిస్తే మళ్లీ వచ్చాయి. వయసన్నాడొక డాక్టరు, పని ఒత్తిడన్నాడు ఇంకొకడు. మాత్రలు రాసివ్వడమే తప్ప ఒక్కడూ కుదురుగా ఆలోచించిన పాపాన పోలేదు. చివరికి ఒక డాక్టరమ్మ ఆవిడ రక్తంలో కాల్షియం ఎంతుందో చూసి, మెడకి స్కాన్ తీయించింది.

"గొంతులో థైరాయిడ్ వెనకాల బియ్యపు గింజంత గ్రంథులు నాలుగుంటాయి. పారాథైరాయిడ్ అంటారు. అందులో ఒకదానికి గడ్డ లేచింది. అది మీ ఎముకల్లో కాల్షియం లాగి రక్తంలో పోస్తోంది. రాళ్లు, నొప్పులు, మరుపు అన్నీ దాని పనే. తీసేస్తే సరి."

"మరి కోపం?" అన్నాడు మొగుడు ఉండబట్టలేక.

"చిరాకు కూడా దానివల్ల రావచ్చు. తీసేస్తే తగ్గొచ్చు."

ఆయన మొహం చేటంత అయింది. "అమ్మయ్య!" అనేశాడు. అన్నాక నాలిక్కరుచుకుని పక్కకు చూశాడు. ఆవిడ కిటికీ వైపు తిరిగింది.

ఆపరేషన్‌లో మెడ మీద చిన్న గాటు పెట్టి, చిక్కుడు గింజంత గడ్డను తీశారు. అక్కడికక్కడే రక్తం పరీక్ష చేసి, ఆ గ్రంథి వదిలే హార్మోను పడిపోయిందని రూఢి చేసుకున్నాకే కుట్లేశారు.

ఇంటికొచ్చాక మొదలైంది ఆయనకు అసలు కష్టం. ఆవిడ నొప్పులు తగ్గాయి, మంచిదే. కానీ మనిషి వెన్నలా అయిపోయింది. మందు ఇవ్వడం మరిచిపోతే "పర్వాలేదండీ" అంది. గ్లాసు పగలగొడితే "మీ కాలికి గుచ్చుకోలేదు కదా?" అంది. పరామర్శకొచ్చిన డ్రైవర్లతో "తొందరేం లేదు, నెమ్మదిగా నడపండి నాయనా" అంది. వాళ్లు గేటు దాటాక ఏడుపొక్కటే తక్కువ. పాపం ఆయన చూసి చూసి, కావాలనే కొత్త దుప్పటి మీద మిషను నూనె ఒలకబోశాడు. "ఉతికితే పోతుందిలెండి" అని నవ్వింది మహాతల్లి. ఎవరో మర్యాదస్తురాలైన చుట్టంతో కాపురం చేస్తున్నట్టనిపించి ఆయనకు ముద్ద దిగలేదు.

కుట్లు చూపించుకోవడానికి వెళ్లిన రోజు, ఆవిణ్ణి బయట బెంచీ మీద కూర్చోబెట్టి తను లోపలికి దూరాడు.

"డాక్టరమ్మా, ఆ గడ్డ ఉందా, పారేశారా?"

"ల్యాబుకి పంపాం. ప్రమాదమైన గడ్డ కాదని రిపోర్టు కూడా వచ్చింది. ఏం?"

"అందులో కాస్త ముక్క మళ్లీ పెట్టడానికి వీలవుతుందా?" ఆయన కుర్చీ ముందుకు లాక్కున్నాడు. "నాకు మా ఆవిడ కావాలండీ. ఈవిడెవరో నాకు తెలీదు."

డాక్టరమ్మ కళ్లద్దాలు తీసింది. "నాలుగు గ్రంథులూ చెడినప్పుడు ఒక ముక్క ముంజేతిలో నాటడం ఉంది. కానీ అది కాల్షియం కోసమండీ, తిట్ల కోసం కాదు."

తలుపు భళ్లున తెరుచుకుంది.

"బుద్ధుందా మీకు? ఆ దరిద్రాన్ని మళ్లీ నా గొంతులో పెట్టిస్తారా? దుప్పటి మీద నూనె పోసిన రోజే మీ వీపు విమానం మోత మోగాల్సింది! పళ్లు బిగబట్టుకుని ఊరుకున్నాను!"

"ఎందుకూరుకున్నావే?" అన్నాడాయన నోరు వెళ్లబెట్టి.

ఆవిడ గొంతు తగ్గింది. "కోపం పోతుందనగానే మీరెంత సంబరపడ్డారు! ఇన్నేళ్లూ నాతో అంత నరకం పడ్డారా అని ఏడుపొచ్చింది. ఇకనైనా సుఖంగా ఉంటారని నోరు కట్టేసుకున్నాను."

ఆయన కళ్లు తుడుచుకున్నాడు. "నాకేం సుఖం లేదే. ఇంకొంచెం తిట్టవే."

"చాల్లెండి! పరాయివాళ్ల ముందు కట్టుకున్నవాణ్ణి తిట్టేంత బుద్ధిలేనిదాన్నా? పదండి ఇంటికి" అంది కంట్రోలరమ్మ. డాక్టరమ్మ ఏదో అనబోయి, ఎందుకొచ్చిన గొడవని మళ్లీ కళ్లద్దాలు పెట్టుకుంది.