విజయేందర్ తయారుచేసుకున్న డ్రోన్

ఆ ఆదివారం మా తమ్ముడు విజయేందర్ తను సొంతంగా తయారుచేస్తున్న డ్రోన్‌కు అబిడ్స్‌లో రెక్కలు కొన్నాడు. "రెడీమేడ్ తీస్కోరాదు భాయ్, గీ తిప్పలేంది?" అన్నాడట దుకాణదారు. "నేను తయారుజేసిందైతే, పాడైనా నేనే బాగుచేస్కుంట" అన్నాడట వీడు.

సాయంత్రం రెక్కలు బిగించి, నాంపల్లిలో మా మేడ మీంచి డ్రోన్ ఎగరేశాడు. పక్క మేడపై ఆడవాళ్లు దండెం మీది ఆరిన బట్టలు తీస్తున్నారు.

"మా ఆడోళ్లను వీడియో తీస్తున్నవ్‌రా?" అంటూ నలుగురు మెట్లెక్కి వచ్చారు. మొదటి రాడ్డు దెబ్బకే దవడ విరిగి వాడికి మాట రాలేదు. అడ్డుపడ్డ నా చెయ్యి విరిచారు. వాడి తల పిట్టగోడకేసి కొట్టారు, కదలిక ఆగేదాకా. డ్రోన్‌ను తొక్కి పొడిపొడి చేశారు.

కర్మలయ్యాక దుకాణదారు ఇంటికొచ్చాడు. సొంతంగా తయారుచేసేవాళ్లు ముందు ఉత్తదాన్నే ఎగరేసి చూస్తారట. విజయేందర్ ఇంకా కెమెరా కొననే లేదు.