నలుగురూ వినగా రాసిన ఫిర్యాదు

యెన్ మావొషెంగ్‌కి మనుషులంటే లెక్క ఉండేది కాదు. ఈ మాట నేను నిందగా అనడం లేదు. మూడేళ్లు అతని పక్క మంచంలో పడుకున్నవాణ్ణి. అతని తిట్లు నాకు తైవాన్‌లో మా కీలుంగ్ రేవు వానలాగే అలవాటైపోయాయి. ఏ రోజైనా ఆగితే ఒంట్లో బాగాలేదేమోనని తిరిగి చూసేవాణ్ణి.

రేవులో ఇరవై రెండేళ్లు పనిచేశాడు. ఓడ మీద పేర్చిన కంటైనర్లు కదలకుండా ఇనుప కడ్డీలతో బిగించే పని. ఒక డిసెంబరు మధ్యాహ్నం తడిసిన కంటైనరు మీంచి జారి పడ్డాడు. మెడ విరిగింది. మెడ కింద ఉన్నదంతా అలాగే ఉంది, అతని మాట మాత్రం వినదు. భుజాలు కొంచెం ఎగరేయగలడు. ఎదుటివాణ్ణి తీసిపారేయడానికి అతనికి ఆ కొంచెం చాలు.

కొండ మీద ఉన్న సంరక్షణ గృహంలో మాది నాలుగు మంచాల గది. ఒక మంచంలో మావొషెంగ్. పక్కన నేను, ముప్ఫై ఏళ్లు సిటీ బస్సు నడిపినవాణ్ణి, పక్షవాతంతో ఎడమ కాలు పోయింది గానీ చేతులు రెండూ బాగానే ఉన్నాయి. ఎదురుగా ముసలి ల్యావ్, నోటికి తాళం లేని మనిషి. నాలుగో మంచంలోకి ఎవరో వస్తూ పోతూ ఉండేవారు.

మావొషెంగ్‌కి ఫోను తెచ్చిచ్చింది అతని చెల్లెలు. బజారులో చేప ఉండలు అమ్ముతుంది. మంచం కడ్డీకి ఒక స్టాండు బిగించి, ముఖానికి ఎదురుగా ఫోను నిలబెట్టింది. ఆసుపత్రి నుంచి ఒకమ్మాయి వచ్చి రెండు రోజులు నేర్పింది. "నంబర్లు చూపించు" అంటే తెర మీద ప్రతి బొమ్మ పక్కనా చిన్న అంకె వస్తుంది. "పదకొండు నొక్కు" అంటే పదకొండో దాన్ని ఫోనే నొక్కుకుంటుంది. వేలు అక్కర్లేదు. అయితే పుట్టినప్పటి నుంచీ అతను మాట్లాడింది రేవులో తైవానీ. ఆ ఫోనుకి అర్థమయ్యేది బళ్లో నేర్పే మాండరిన్.

"పంతులు బెత్తంతో కొట్టినా రాని భాష, ఈ డబ్బా కోసం నేర్చుకోవాల్సొచ్చింది. థూ!" అనేవాడు. ఆ తిట్టు తైవానీలో కాబట్టి ఫోను పట్టించుకునేది కాదు.

వచ్చిన చిక్కు భాషది కాదు. అతను ఏం రాయాలన్నా, కామా, ఫుల్‌స్టాప్‌తో సహా, పైకే చెప్పాలి. గుసగుసగా చెబితే ఫోనుకి వినపడదు, గట్టిగా చెబితే గదంతా వింటుంది. విడిపోయిన భార్య పుట్టినరోజుకి నాలుగు ముక్కలు రాశాడు. ల్యావ్ వారం రోజులు వాటినే రాగం తీసి పాడాడు. పైగా ఆ ఫోను ఎవరి గొంతైనా వినేది. మావొషెంగ్ ఏదో చదువుకుంటుంటే ల్యావ్ తన మంచంలోంచి "వెనక్కి పో!" అని అరిచేవాడు. ఫోను బుద్ధిగా వెనక్కి పోయేది.

"ఒరేయ్ ముసలోడా, నా ఫోను జోలికి రాకు!"

"నేనెక్కడ ముట్టుకున్నాను తమ్ముడూ? ఊరికే మాట్లాడుకుంటున్నా."

"నీ నోరు సముద్రంలో పారేస్తే చేపలు కూడా ముట్టుకోవు."

ల్యావ్‌ని అంతగా తప్పుపట్టలేను. పొద్దుపోని మనిషి. అసలు చెప్పుకోవలసింది మా గృహం డైరెక్టర్ షావ్ గురించి. బయటివాళ్లు వస్తే ఆమె మా భుజాల మీద చెయ్యి వేసి మాట్లాడేది, తలుపు దాటగానే ఆ చేతిని కాగితం రుమాలుతో తుడుచుకునేది. ఎవరినైనా పిలవాలంటే గోడకి ఒక బటను ఉంది. చెయ్యి ఎత్తలేని మనిషికి ఆ బటను ఎందుకని మావొషెంగ్ ఒకసారి అడిగాడు. "మీకు అంత మంచి ఫోనుంది కదండీ, ఆఫీసుకి చెయ్యండి" అంది. ఆఫీసులో ఎవరూ ఎత్తేవారు కాదు. గొంతెత్తి పిలిస్తే మిగతావాళ్లకి ఇబ్బంది అని మా గది తలుపు మూయించింది.

ఇక స్నానాలు. వారానికి రెండుసార్లు చేయించాలని నియమం. పది రోజులకొకసారి చేయించేవారు. చేయించినట్టు రుజువుకి వరండాలో ఒక పుస్తకం ఉండేది. సంతకం చేయలేనివాళ్లు ఎర్ర సిరాతో వేలిముద్ర వెయ్యాలి.

ఒక ఉదయం, మా పనులు చూసే వూలాన్ అనే ఇండోనేషియా అమ్మాయి చొక్కా మార్చడానికి అతని కుడి చెయ్యి ఎత్తింది. బొటనవేలు ఎర్రగా ఉంది.

"ఇదేంటమ్మా?"

వూలాన్ తడిగుడ్డ అందుకుంది. ఆ వేలినే గబగబా తుడిచింది.

"నిన్నే అడిగేది. నా వేలికి సిరా ఎక్కడిది?"

ఆ అమ్మాయి తల వంచుకుని వెళ్లిపోయింది. ఎక్కడిదో నాకు తెలుసు. మధ్యాహ్నం గంజి తాగి అతను కునుకు తీస్తుంటే, వూలాన్ ఆ పుస్తకం తెచ్చి, అతని చెయ్యి పట్టుకుని వరసగా అద్దడం రెండుసార్లు చూశాను. చూసి కిటికీ వైపు తిరిగాను. అతనికి ఆ చేతిలో స్పర్శ లేదు, మెలకువ రాలేదు. ఆదివారం చెల్లెలు వచ్చినప్పుడు పుస్తకం చూసి రమ్మన్నాడు. ఆమె చూసి వచ్చి చెవిలో చెప్పింది. అతను ఆ లెక్క మళ్లీ చెప్పించుకున్నాడు.

చెల్లెలు ఫిర్యాదు తనే రాస్తానంది. "నా ఒళ్లు. నేనే రాస్తాను" అన్నాడు. కానీ ఎలా రాస్తాడు? తలుపు అవతల ఎప్పుడూ డైరెక్టర్ మనుషులు ఎవరో ఒకరు తిరుగుతూనే ఉంటారు. మొదటి వాక్యం పూర్తయ్యేలోపే డైరెక్టర్‌కి చేరుతుంది.

ఆ నెలాఖరున ఒక దాతల సంఘం నుంచి ఎనిమిదిమంది వచ్చారు, అందరికీ ఒకే రంగు జాకెట్లు. డైరెక్టర్ షావ్ మావొషెంగ్ మంచం వెనక గోడకి "గొంతే నా చెయ్యి" అని రాసిన బట్ట కట్టించింది. ఆ ఉదయం అతనికి స్నానం కూడా చేయించారు. ఒకతను కెమెరా పట్టుకుని నిలబడ్డాడు.

"ఈయన మా యెన్ తాతయ్యగారు. మా గృహం ప్రోత్సాహంతో ఈ వయసులో ఫోను నేర్చుకున్నారు."

"మేడమ్, నాకు యాభై మూడు. నాకంటే మీరు నాలుగేళ్లు పెద్ద. నేను తాతనైతే మీరేమవుతారు?"

జాకెట్లవాళ్లు నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

"ఎంత చమత్కారమో! ఏదీ, వాతావరణం అడగండి."

"కిటికీలోంచి కనిపిస్తూనే ఉందిగా, వాన" అన్నాడు మావొషెంగ్. తర్వాత ఫోను వైపు చూసి, పరీక్షలో పిల్లాడిలా స్పష్టమైన మాండరిన్‌లో, "మెసేజ్ తెరువు. పన్నెండు నొక్కు" అన్నాడు.

పన్నెండు అంటే నగరపాలక కార్యాలయం వాళ్ల ఫిర్యాదుల నంబరు. చెల్లెలు ముందే పెట్టించింది.

"నా పేరు యెన్ మావొషెంగ్, కామా, మెడ కింద నాకు స్పర్శ లేదు, ఫుల్‌స్టాప్." ఊపిరి తీసుకున్నాడు. అతనికి ఊపిరి అర వాక్యానికే సరిపోతుంది. "ఈ నెల నాకు మూడుసార్లు స్నానం చేయించారు, ఫుల్‌స్టాప్. పుస్తకంలో నా వేలిముద్రలు తొమ్మిది ఉన్నాయి, ఫుల్‌స్టాప్. వేలు నాదే, కామా, వేసింది నేను కాదు, ఫుల్‌స్టాప్."

డైరెక్టర్ ముఖంలో నవ్వు అలాగే ఉంది, తీయడం మర్చిపోయినట్టు.

"మా తాతయ్యకి కథలు చెప్పడం సరదా" అంటూ మంచం దగ్గరికి వచ్చింది. ఫోను లాక్కునేదే, కానీ కెమెరా నడుస్తోంది. కాళ్లూ చేతులూ ఆడని మనిషి ముందునుంచి లాక్కుంటే బాగుండదు. అందుకని ముందుకి వంగి, ముద్దు చేస్తున్నట్టు మెల్లగా, "మొత్తం ఎంచుకో. చెరిపెయ్" అంది.

అక్షరాలన్నీ పోయాయి. మూడేళ్లలో ఆ మనిషి గురించి ఆమె నేర్చుకున్నది ఆ రెండు ఆజ్ఞలే.

"వెనక్కి తీసుకో" అన్నాడు మావొషెంగ్. మళ్లీ వచ్చాయి.

"చెరిపెయ్."

"వెనక్కి తీసుకో."

"చెరిపెయ్!" ఈసారి మెల్లగా అనలేదు.

"వెనక్కి... తీసుకో."

అక్షరాలు వచ్చాయి గానీ అతని ఊపిరి అయిపోయింది. పెదాలు కదులుతున్నాయి, గొంతు రావడం లేదు. ఆమె ఊపిరి మాత్రం నిండుగా ఉంది. మళ్లీ నోరు తెరిచింది. అప్పుడు ఎదురు మంచంలోంచి ల్యావ్, ఎప్పుడూ అరిచే ఆ పాడు గొంతుతోనే, "పంపు!" అని అరిచాడు.

ఫోను టింగుమంది. వెళ్లిపోయింది.

నేనేం చేశానంటారా? దుప్పటి అంచు పట్టుకుని కూర్చున్నాను.

పద్దెనిమిది రోజులకి నగరపాలక కార్యాలయం నుంచి తనిఖీకి ఇద్దరు వచ్చారు, అదీ ముందు రోజు కబురు చేసి మరీ. అయినా తొమ్మిది ముద్రల పుస్తకాన్ని ఏం చెయ్యాలో డైరెక్టర్‌కి తోచినట్టు లేదు, అక్కడే ఉంది. పట్టుకెళ్లారు. ఆమెకి హెచ్చరిక కాగితం వచ్చింది, ఉద్యోగం పోలేదు. అలాంటివాళ్లకి పోదు. తన గదిలో ఏదో ప్రశంసాపత్రం పటం కట్టించి పెట్టుకుని ఇప్పటికీ అక్కడే కూర్చుంటోంది, మా గదికి మాత్రం రాదు. స్నానాలు మంగళవారం, శుక్రవారం జరుగుతున్నాయి. గొట్టంలోకి ఊదితే మోగే గంట మావొషెంగ్ దిండు పక్కన బిగించారు.

మొదటి శుక్రవారం వూలాన్ ఏడ్చింది. "అన్నా, మేడమ్ చెప్పింది, నేను కాదనలేకపోయాను."

"తెలుసులే. ఏడుస్తూ సబ్బు నా కళ్లల్లో పొయ్యకు."

ల్యావ్ సంగతి చెప్పనక్కర్లేదు. వచ్చినవాడికల్లా, ఫిర్యాదు పంపింది తనేనని చెప్పుకున్నాడు. నిజంగా సాయం చేశాడా, అలవాటు కొద్దీ అరిచాడా అని అడిగితే, ఒకరోజు ఒకలా, ఇంకోరోజు ఇంకోలా చెప్పేవాడు.

"మూడేళ్లలో నీ నోట్లోంచి పనికొచ్చే మాట అదొక్కటే వచ్చింది. ఇక మూసుకో" అన్నాడు మావొషెంగ్.

కొన్నాళ్లకి, ల్యావ్ నిద్రపోతున్న ఒక మధ్యాహ్నం, నా వైపు తల తిప్పాడు.

"అన్నా, నా వేలు అద్దుతుంటే నువ్వు చూశావు కదూ?"

అబద్ధం చెప్పాలనిపించింది. "చూశాను" అన్నాను.

"నీకు రెండు చేతులున్నాయి, ఫోనుంది. ఎవరికీ వినపడకుండా రాయగలవు. ఎందుకు రాయలేదు?"

"నాకెందుకులే అనుకున్నాను."

తిడతాడని ఎదురుచూశాను. తిట్టలేదు.

"ఈ మాటైనా నిజం చెప్పావు" అని ఫోను వైపు తిరిగాడు. చెల్లెలికి రాయడం మొదలుపెట్టాడు, ఆదివారం వచ్చేటప్పుడు ఉన్ని టోపీ తెమ్మని, కామా, నల్లది, ఫుల్‌స్టాప్.