రోడ్డు మీదే ఆపమన్నాను

మా మామయ్యకు ఛాతీలో నొప్పి వచ్చిన రోజు నేనే అంబులెన్సుకు ఫోన్ చేశాను. ఇంటిదాకా రావద్దని చెప్పిందీ నేనే. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. తర్వాత చెబితే నన్ను నేను వెనకేసుకొచ్చినట్టుంటుంది.

కరోనా రెండోసారి విరుచుకుపడిన వేసవి అది. శావల్యాపురం దగ్గర మా ఊరు. మా ఆయన దాచేపల్లి సిమెంటు ఫ్యాక్టరీలోనే ఉండిపోయాడు, బయటికొస్తే మళ్లీ లోపలికి రానివ్వరని. ఇంట్లో అత్తయ్య, మామయ్య, నేను, నాలుగు పాడిగేదెలు. అంతకు పదిరోజుల ముందు మా వీధి చివరింటికి అంబులెన్సు వచ్చింది. జ్వరంతో వెళ్లిన మనిషి తగ్గి తిరిగొచ్చాడు కూడా. అయినా ఆ ఇంటి ముందు కర్రలు కట్టారు, బ్లీచింగ్ చల్లారు. వాళ్ల కళ్లంలో మిరపకాయలు ఎత్తడానికి కూలీలు రామన్నారు. వాళ్ల పిల్ల బిందె పట్టుకొస్తే కుళాయి దగ్గర అందరూ తప్పుకున్నారు. తప్పుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను. ఊరికి రోగమంటే భయం, నాకు ఊరంటే భయం.

ఆ పొద్దున పాలు పితికి లేస్తూ మామయ్య గుంజ పట్టుకుని నిలబడిపోయాడు. ఒంటిమీద చెమట ధారలు కట్టింది.

"ఏంది మామయ్యా?"

"ఏంలేదమ్మా, గ్యాసు. రాత్రి గోంగూర తిన్నాగా."

మా ఊళ్లో ఛాతీనొప్పికి మొదటి పేరు గ్యాసే. అత్తయ్య వాము నీళ్లు కాచిచ్చింది. అవి తాగాక ఎడమచెయ్యి లాగుతోందన్నాడు. అప్పుడు ఫోన్ చేశాను. నా బుద్ధి అంతవరకూ బాగానే పనిచేసింది.

దొడ్డివైపు వెళ్లి మాట్లాడాను. అవతలి అమ్మాయి జ్వరం ఉందా, దగ్గుందా అని అడిగింది. లేదన్నాను. ఇల్లెక్కడంది.

"మెయిన్ రోడ్డు మీద బస్టాపు దగ్గర ఆపమని చెప్పమ్మా. ఊళ్లోకి రావద్దు. సైరన్ కూడా వేయొద్దని చెప్పు."

"పేషెంటును నడిపించకూడదు మేడం."

"బండి మీద తీసుకొస్తాంలే."

అది అబద్ధం. ఉన్న ఒక్క బండీ మా ఆయనతో దాచేపల్లిలో ఉంది. పక్కవాళ్లను అడగొచ్చు. అడిగితే చాటింపు వేసినట్టేగా! అత్తయ్యకేమో, ఊళ్లోకి రామన్నారని ఇంకో అబద్ధం చెప్పాను.

మామయ్యకు మాత్రం నిజమే చెప్పాను. "మంచిపని చేశావమ్మా. ఇంటిముందుకొస్తే మన పాలెవడు తాగుతాడు?" అన్నాడు. ఉతికిన చొక్కా తొడుక్కున్నాడు. నేను ఖాళీ పాలక్యాను చేత పట్టుకున్నాను, చూసినవాళ్లు పాలకేంద్రానికి వెళ్తున్నామనుకుంటారని. ఏం తెలివి నాది! ముగ్గురం వెళ్తే అనుమానమొస్తుందని అత్తయ్యను గుమ్మంలోనే ఆపాను.

"ఏంది బాబాయ్, కోడల్ని వెంటేసుకుని బయల్దేరావ్?" అన్నాడు అరుగు మీద పళ్లు తోముకుంటున్న ఒకతను.

"క్యాను చానా బరువురా" అని మామయ్య నవ్వాడు. ఆ నవ్వు చూసి నేను ధైర్యం తెచ్చుకున్నాను.

మలుపు తిరిగేసరికి బస్టాపు దగ్గర అంబులెన్సు ఆగి ఉంది. "వచ్చేసింది మామయ్యా, ఇంకొంచెం దూరమే" అన్నాను. ఆయన అటు చూశాడు. ఇంకో అడుగు వేయబోయి మట్టిలో బోర్లా పడిపోయాడు.

నేను పెట్టిన కేకకు వీధంతా తలుపులు తీసింది. "ముట్టుకోమాకే! ఏం రోగమో ఏమో!" అని ఒకామె అరిచింది. "కరోనా కాదు, గుండెనొప్పి!" అని నేనూ అరిచాను. ఒక్కరూ గడప దిగలేదు. కుళాయి దగ్గర తప్పుకున్నదాన్ని, వాళ్లను తిట్టే హక్కు నాకెక్కడిది? ఆయన్ని వెల్లకిలా తిప్పి అరచేతులు, అరికాళ్లు రుద్దాను. గుండె ఆగితే రొమ్ము మీద నొక్కాలని అప్పటికి నాకు తెలియదు. అంబులెన్సువాళ్లు తెల్ల సూట్లు తొడుక్కుని పరుగెత్తుకొచ్చేసరికి పెదాలు నల్లబడ్డాయి. మోకాళ్ల మీద కూర్చుని నొక్కారు, నొక్కుతూనే బండెక్కించారు. నరసరావుపేటలో డాక్టరు చూసి ప్రాణం లేదన్నాడు. పరీక్షలో కరోనా కూడా లేదని వచ్చింది.

లేదని తెలిశాక జనం పలకరింపుకు వచ్చారు. అందరికీ అత్తయ్య ఒకటే చెప్పేది. "మా కోడలు గబుక్కున ఫోన్ చేసింది. ఊళ్లోకి రామన్నారంట, అది మాత్రం ఏం చేస్తది?" ఆ మాట విన్నప్పుడల్లా లేచి గేదెల దగ్గరికి వెళ్లిపోయేదాన్ని. ఇంట్లో మంచం మీదే పడుకోబెట్టి ఉంటే బతికేవాడా? డాక్టర్ని అడగలేదు. బతికేవాడంటాడేమోనని భయం.

సంవత్సరీకం అయిన మర్నాడు ఇక నావల్ల కాలేదు. బియ్యం చెరుగుతున్న అత్తయ్య పక్కన కూలబడి చెప్పేశాను.

"అత్తయ్యా, వాళ్లు రామనలేదు. నేనే రావద్దన్నాను."

ఆమె చెరగడం ఆపలేదు.

"తెలుసులే. దొడ్లో నువ్వు మాట్లాడతా ఉంటే విన్నా."

"మరి అప్పుడే ఎందుకు ఆపలేదు?"

అత్తయ్య చేట కింద పెట్టింది. నా వైపు చూడలేదు.

"నాకూ అదే మంచిదనిపించిందే" అంది.