నా ఉపవాసం, పెద్దమ్మ దోసె

చేతిలో ఫోను ఉంటే దేవుడు కూడా మన పోస్టులు చూస్తాడనిపించే వయసు ఒకటి ఉంటుంది. ఆ రోజుల్లో నాది ఆ వయసే. పోర్టులో కొత్తగా కాంట్రాక్టు ఉద్యోగం, మల్కాపురంలో అద్దె గది, ఆదివారం సంఘంలో గిటారు. (గిటారు వచ్చని కాదు, పట్టుకుంటే బాగుంటానని.) శ్రమల దినాలు, అంటే ఈస్టరుకు ముందు మావాళ్లు ఉపవాసం ఉండే నలభై రోజులు, మొదలైన పొద్దున్నే నేను తెరిచిన బైబిలు పక్కన గ్లాసుడు నీళ్లు పెట్టి, ముఖం మీద కిటికీ వెలుతురు పడేలా కూర్చుని ఫోటో తీసుకున్నాను. 'నలభై దినాలు పగలంతా నీళ్లే. నాకోసం ప్రార్థించండి' అని రాసి పెట్టాను. ఉపవాసం ఉన్నవాడు ముఖం కడుక్కుని, ఎవరికీ తెలియకుండా మామూలుగా తిరగాలని పాస్టరుగారు అంతకు ముందు ఆదివారమే చెప్పారు. ముఖం మాత్రం కడుక్కున్నాను, ఫోటో బాగా రావాలని.

సాయంత్రానికి లైకులే లైకులు. 'మీ భక్తి ముందు మేమెంత బ్రదర్' అని ఎవరో రాస్తే, దాన్ని మళ్లీ మళ్లీ చదువుకుంటూ ఆ రోజు గడిపేశాను. లైకులు కడుపు నింపవు కదా, మర్నాడు పొద్దున్నే ఆకలి పట్టుకుంది. రెండు ఇడ్లీలకు దేవుడేమీ అనుకోడులే అని సందు చివర టిఫిను బండి దగ్గరికి వెళ్లాను. బండి ఆయన్ని అందరం బావ అనే పిలిచేవాళ్లం. ఏటా అయ్యప్ప దీక్ష తీసుకునే మనిషి. నన్ను చూడగానే గరిటె పక్కన పెట్టి రెండు చేతులూ జోడించాడు.

"రెండు ఇడ్లీ బావ" అన్నాను, వీలైనంత చిన్నగా.

"ఏటి సామీ, పరీచ్చ సేత్తన్నావా? నీ ఫొటో నాను సూసినాను. మా ఆడమనిసికీ సూపించినాను. దీచ్చలో ఉన్నోడికి నా సేత్తో పెట్టి ఆ పాపం ఎక్కడ కడుక్కోను?"

"మాది అంత గట్టి దీక్ష కాదు బావ."

"దీచ్చంటే దీచ్చే. ఎవుల దేవుడైతే ఏటి" అని, పక్కన తింటున్నవాళ్లకు నన్ను చూపించి "మా సందు కుర్రోడే" అన్నాడు గర్వంగా.

మల్కాపురంలో ఇక నాకు మెతుకు పుట్టదని తేలిపోయింది. పనికి సెలవు పెట్టి, బస్సెక్కి, ఎవరూ గుర్తుపట్టరని నగరం నడిబొడ్డున ద్వారకా నగర్‌లో దిగాను. ఓ హోటల్లో మూల బల్ల చూసుకుని, గోడవైపు తిరిగి కూర్చుని మసాలా దోసె చెప్పాను. (గోడకు ఫోను ఉండదు కదా.) దోసె వచ్చింది. ముక్క తుంచి అల్లప్పచ్చడిలో ముంచి నోటిదాకా తెచ్చానో లేదో, భుజం మీద చెయ్యి పడింది. మా సంఘంలో అందరం పెద్దమ్మ అని పిలిచే ఆవిడ. చేతిలో ఆసుపత్రి సంచి. కళ్లు వాచిపోయి ఉన్నాయి.

"దేవుడే నిన్ను సూపించినాడు నాయినా" అంది. "మా కోడలికి నెలలు నిండకండానే కానుపైపోయింది. పిల్లోడు అరసెయ్యంత ఉన్నాడు. అద్దాల పెట్టిలో ఎట్టినారు. రేపటిదాకా ఏటీ సెప్పలేమంతన్నారు. నాను సుగరు మనిసిని, ఉపోసం ఉండలేను. నువ్వెలాగూ ఉంటన్నావు గదా, ఆడి పేరు కూడా కలుపుకో."

దోసె ముక్క ఇంకా నా వేళ్ల మధ్యే ఉంది. "ఆకలితో ఎవరో వస్తారని పొద్దున ప్రార్థనలో అనిపించింది పెద్దమ్మా, అందుకే చెప్పి ఉంచాను. కూర్చోండి, ఇది మీకే" అన్నాను. (అబద్ధంలో కూడా భక్తి వదల్లేదు.) ఆవిడ ఒక్క క్షణం నా ముఖం వంక చూసి, ప్లేటు తనవైపు లాక్కుంది. తింటూనే ఏడ్చింది. నా ఆకలి ఎటు పోయిందో తెలియదు గానీ, తల ఎత్తడానికి మాత్రం సిగ్గేసింది.

మర్నాడు కబురొచ్చేదాకా నేనేమీ ముట్టలేదు. ఫోటో తీయాలన్న ధ్యాసే రాలేదు. "ప్రభువా, నా వేషాలకూ ఆ పసిగుడ్డుకూ ముడిపెట్టకు" అన్నదొక్కటే ప్రార్థన. అంత భయంతో అంతకు ముందెప్పుడూ ప్రార్థించలేదు.

పిల్లాడు బతికాడు. ఇప్పుడు బడికి వెళ్తున్నాడు, ఆదివారమైతే నా గిటారు తీగలు లాగి చంపుతున్నాడు. మొన్న నా ఫోను ఆ పాత ఫోటోను జ్ఞాపకమంటూ తనంతట తానే బయటికి తీసింది. ఆరాధన అయ్యాక పెద్దమ్మకు చూపించి, ఆ దోసె సంగతి ఇప్పటికైనా చెప్పేద్దామని నోరు తెరిచాను.

"నాకు తెల్దేటి" అంది ఆవిడ. "పచ్చడంటిన ముక్క నోటికాడ ఎట్టుకుని ఎవులో వత్తారన్నావు. నానేటి సంటిపిల్లనా నమ్మీడానికి? ఆ దినం మా పిల్లోడికోసం ఎవులో ఒకలు ఉపోసం ఉండాల. నిన్ను ఉంచాలంటే ఆ దోసి నాను తినీయాల. అందుకే తినీసినాను. లోపల బంగాలదుంపుంటే సుగరు కూడా సూసుకోలేదు."

ఫోనులో ముఖం కడుక్కుని గ్లాసు పక్కన కూర్చున్న ఆ కుర్రాణ్ని ఇంకోసారి చూశాను. నవ్వొచ్చింది, జాలీ వేసింది. పాపం, నలభై దినాలని రాసుకున్నాడు. నిజంగా ఉన్నది ఒక్క రోజు, అదీ పెద్దమ్మ ఉంచితే.