మోకాటి నీళ్ళ భయం

వానాకాలం వచ్చిందంటే పొద్దున్నే నా మొదటి పని గడప నుంచి రోడ్డు దాకా ఇటుకలు పేర్చడం. వాకిట్లో నిలిచిన నీళ్ళలో కాలు పడకుండా మా ఇంటాయన వాటి మీద కోడిపుంజులా ఒక్కో అడుగే ఎత్తి వేసుకుంటూ గనిలో మొదటి షిఫ్టుకు పోయేవాడు. ఈ ఏడు వానలు పడ్డాయి, ఇటుకలు మాత్రం గోడ వారనే ఉన్నాయి. వైశాఖంలో మూడు రోజుల జ్వరానికే ఆయన పోయాడు.

ఆయన సంగతి ఒక్క మాటలో చెప్పాలంటే, ఐదు నిలువుల బావిలోకి నవ్వుతూ దూకేవాడు, మోకాటి లోతు నీళ్ళు చూస్తే కేక పెట్టేవాడు. గోదావరిఖనిలో ఈ రెండూ తెలియని ఇల్లు లేదు.

బావిలో బొక్కెన పడిందంటే సగం కాలనీ గాలాలు వేసి అలిసిపోయాక ఈయన డ్యూటీ దిగి వచ్చేవాడు. వెలుగుతున్న బీడీని పక్కవాడి చేతికిచ్చి, "ఆరకుండ సూడు, ఇప్పుడే వస్త" అని దూకేవాడు. బొక్కెనతో పైకొచ్చి మిగిలిన బీడీ తాగేవాడు. ఒకసారి బొక్కెనతో పాటు ఒక గంటె కూడా తెచ్చాడు. పదేండ్ల కింద పోయిన ఆ గంటెను కోడలే పుట్టింటికి పంపిందని మా వాడలో కనకవ్వ ఊరంతా చాటింది. గంటెను చూసి అత్త నోరు మూతపడింది, కోడలి నోరు తెరుచుకుంది. ఆ నోరు నేటికీ మూతపడలేదు.

అలాంటి మనిషి, గోదావరి అవతలి జైపూర్ దిక్కు మా వాళ్ళ పెళ్ళికి పోతుంటే వాగు దగ్గర మా అన్న వీపెక్కాడు.

"బావా, నీళ్ళు మడిమల దాకనే ఉన్నయి!" అన్నాడు మా అన్న మొత్తుకుంటూ.

"గందుకే గదా భయం! లోతు నీళ్ళు మనిషిని పైకి లేపుతయి. గివి లేపయి, ముంచయి. కాళ్ళు వట్టి గుంజుతయి. నడువు, నడువు!"

బ్యాండు వాళ్ళు నవ్వు ఆపుకోలేక వాయించడం ఆపేశారు. నేను కొంగు ముఖాన కప్పుకున్నాను.

ఈ భయం ఆయనకు పుట్టుకతో లేదు. ఎనిమిదేండ్ల కింద ఒకనాడు గోదావరిలో స్నానం చేస్తుంటే మా పక్కింటి పూలమ్మ ముక్కుపుడక జారిపోయింది. మోకాటి నీళ్ళే. "సదన్న ఉండంగ ఫికరేంది?" అన్నారందరూ మా ఆయనను చూసి. ఈయన రెండడుగులు వేసి, "అమ్మో, సచ్చిన!" అని అరుచుకుంటూ ఒడ్డుకు ఉరికొచ్చాడు.

"నాతోని గాదు. గట్టయ్య కాకను పిలువుండ్రి" అన్నాడు వణుక్కుంటూ.

గట్టయ్య కాక ఈయనకు ఈత నేర్పినవాడు. బొగ్గు దుమ్ముకు ఊపిరి చెడి, గని పని మాని ఇంట్లో ఉంటున్నాడు. దగ్గుకుంటూ వచ్చాడు. నీళ్ళలో చతికిలబడి, కండ్లు మూసుకుని ఇసుకను అరచేతులతో తడిమాడు. జొన్నగింజంత ముక్కుపుడకను పట్టుకొచ్చాడు. పూలమ్మ ఆయన తలకు కొత్త తువ్వాల చుట్టింది. ఆనాటి నుంచి లోతు నీళ్ళు మా ఆయనవి, మోకాటి నీళ్ళు కాకవి.

"నలుగుట్ల నా ఇజ్జత్ తీస్తున్నవు" అంటే, "ఎవల భయం వాళ్ళది. నువ్వు బల్లికి భయపడ్తలేవా?" అనేవాడు.

పోయిన నెల, ఆయనతో పని చేసిన లింగమూర్తి గని నుంచి ఆయన బూట్లు తెచ్చిచ్చాడు. గనిలో నీళ్ళు తోడే పంపు మీద డ్యూటీ ఆయనది. కుర్చీలో కూర్చుని మీట నొక్కే పని అనుకునేదాన్ని. ఆడవాళ్ళం కిందికి దిగింది లేదు, చూసింది లేదు.

"వొదినా, గీ బూట్లు ఎన్నడు ఎండలేదు" అన్నాడు లింగమూర్తి. "ఎనిమిది గంటలు మోకాటి నీళ్ళల్ల నిలవడి పైపుకు అడ్డం వడ్డ చెత్త తీసేటోడు."

"ఎవలు?"

"సదన్ననే."

"మోకాటి నీళ్ళల్లనా? కేకలు వెట్టలేదా?"

"కేకలెందుకు? పాటలు వాడేటోడు."

గోడ వారన ఉన్న ఇటుకలను చూశాను. ఎనిమిది వానాకాలాలు ఇటుకలు మోసింది ఎవరికోసం?

"మరి గా భయం?"

"పూలమ్మ ముక్కుపుడక వడకముందు గట్టయ్య కాక పెద్ద బాయిల బొక్కెనకు మూడుసార్లు మునిగి ఉత్త చేతులతోని లేసిండు, జనం నవ్విండ్రు. యాదికున్నదా? గప్పటి సంది ముసలోడు గోడ దిక్కు మొకం వెట్టి పండుకున్నడు, బువ్వ ముట్టలే. 'లోతుకు ఊపిరి గావాలె, మోకాటి నీళ్ళకు చేతులు సాలు. కాక చేతులింక మంచిగున్నయి. నేను దిగితె ఆయనను ఎవలు పిలుస్తరు?' అన్నడు సదన్న."

"నాకు చెప్తే ఏం పోతుండె?"

"నేను గదే అన్న. 'దానికి చెప్పద్దు, అది సిగ్గుతోని కొంగు కప్పుకుంటెనే జనం నమ్ముతున్నరు' అన్నడు."

"మా అన్న వీపెక్కుడు గూడ నాటకమేనా?"

"అది జర ఎక్కువైందని ఆయనే ఒప్పుకున్నడు."

మనిషి బతికి ఉంటే ఆ బూటుతోనే ఒకటి వేసేదాన్ని. నవ్వొచ్చింది. ఆ తరువాత ఒక మాట తట్టి నవ్వు ఆగింది. ఇప్పుడు కాకను పిలిచేదెవరు? కొత్తగా ఆగయ్య అనే పడుచువాడు దూకుతున్నాడు. లోతైనా మోకాలైనా వానికి ఒకటే. కాక మళ్ళీ గోడ వైపు తిరిగి పడుకున్నాడని పూలమ్మ చెప్పింది.

మొన్న ఆదివారం గోదావరికి గిన్నెలు తోముకోవడానికి పోయాము. నది ఇంకా పొంగలేదు. నా ఇత్తడి చెంబు చేతిలోంచి జారింది. జారిందో, జార్చానో. పిక్కల లోతు నీళ్ళలో తళతళమంటోంది.

"వంగి తీస్కోరాదే అక్కా!" అంది పూలమ్మ.

ఎన్నడూ గొంతెత్తని నేను గోదావరి అవతలి ఒడ్డుకు వినబడేటట్టు కేక పెట్టాను.

"అమ్మో! నాకు భయం! గట్టయ్య కాకను పిలువుండ్రి!"

పూలమ్మ నోరు తెరిచింది. "నీగ్గూడ అంటుకున్నదానే?"

ఆగయ్య పంచె ఎగగట్టి, "నేను తీస్త పెద్దమ్మా" అని ఉరికొచ్చాడు.

"దిగినవంటె కాళ్ళిరగ్గొడ్త!" అన్నాను.

కాసేపటికి కట్ట మీద దగ్గు వినబడింది. "యాడ వడ్డది బిడ్డా?" అని తలకు తువ్వాల చుట్టుకుంటూ గట్టయ్య కాక దిగి వస్తున్నాడు. చెంబు నా కాళ్ళ ముందే ఉంది. చెయ్యి చాస్తే అందుతుంది. తోమాల్సిన గిన్నెలన్నీ అట్లనే వదిలేసి, పోయి ఒడ్డున కూర్చున్నాను.