పడవకు కట్టిన దిష్టితాడు

ఒడ్డున కట్టేసి ఉన్న పడవను, దాన్ని కొన్న మేనమామను, చూడవచ్చిన అధికారిని ఒకేసారి ముంచబోయిన ఘనత నాది. ఎలాగో చెబుతాను. మా మామ ముందు మాత్రం ఎత్తకండి, ఆయన ఇప్పుడిప్పుడే మరిచిపోతున్నాడు.

మామ బేతంచెర్లలోని బండల పాలిష్ మిషను అమ్మేసి, అవుకు జలాశయంలో జనాన్ని తిప్పడానికి పాత మోటారు పడవ కొన్నాడు. దాని ఇంజను మీద పెద్ద మూత. బటన్ నొక్కితే కరెంటుతో దానంతటదే లేస్తుంది. అధికారి ఇంజను చూసి సరే అంటేనే పర్మిషన్. లేదంటే మామ మళ్లీ ఎవరి దగ్గరో కూలికి బండలు కోయాల్సిందే.

ముందురోజు పూజ చేశాం. "పడవైతే ఏమి? బండి బండే. దిష్టితాడు కట్టాల్సిందే," అని అవ్వ ఆ పని నాకు అప్పగించింది. నలుగురిలో నోరు విప్పని నేను, ఇంట్లో మాత్రం సముద్రయానాల పుస్తకాలు తెగ చదివేదాన్ని. ఆలూరు మెట్టపొలాల పిల్లకు ఇంతకంటే అవకాశమేం దొరుకుతుంది? లారీలకు కట్టే లావు నల్లతాడు తీసుకుని, ఒక కొస మూత పిడికి, ఇంకో కొస కింది కమ్మీకి, లాగేకొద్దీ బిగుసుకునే నావికుల ముడి వేశాను. తాడు కనబడకుండా పైన బంతిపూల దండలు కప్పాను.

మరునాడు అధికారి వచ్చాడు. పడవ నడిపే బాషా బటన్ నొక్కాడు. మూత ముసలి ఎనుములా మూలిగి, వేలెడు లేచి ఆగిపోయింది.

"ఏమప్పా బాషా, ఏమైంది?" అన్నాడు మామ.

"బ్యాటరీ వీకైనట్టుండాది అన్నా."

బ్యాటరీ తీగలు తుడిచారు. మూలిగింది. ఫ్యూజు మార్చారు. ఇంకా గట్టిగా మూలిగి, ఆ ఫ్యూజునూ కొట్టేసింది.

"నిన్న బాగా లేస్తాండె గదప్పా!"

"అది పూజకు ముందు గదన్నా."

ఆ మాటతో నాకు నా ముడి గుర్తొచ్చింది. "మామా..." అన్నాను. పక్కనున్న దోమ కూడా వినలేదు.

అధికారి గడియారం చూసుకున్నాడు. "ఇంజను అంటుకుంటే మీరీ మూత తెరిచేలోపల జనం ఈదుకుంటా ఇంటికి పోతారు. నేను పోతాండా."

మామ ముఖం పాలిష్ పొడి చల్లినట్టు తెల్లబోయింది.

"మామా!" ఈసారి అవతలి గట్టు మీది మేకలు కూడా తలెత్తి చూశాయి.

"ఏంది మే?"

దండల వైపు వేలు చూపించాను. బాషా దండలు పక్కకు తీశాడు. "యా అల్లా! ఏనుగును కట్టేసినట్టు కట్టేసినారే!"

"విప్పు మే!" అరిచాడు మామ.

"విప్పే పద్ధతి తర్వాతి పేజీలో ఉండాది మామా. ఆడిదాకా చదవలేదు."

చివరికి బాషా ఇంకో ఫ్యూజు వేసి, కొబ్బరికాయలు కొట్టే కత్తితో తాడు కోసి, బటన్ నొక్కాడు. మూత ఠక్కున లేచింది. దాని మీదున్న బంతిపూలు, కుంకుమ, నిన్నటి కొబ్బరిచిప్ప అన్నీ జారి అధికారి తెల్లచొక్కా మీద పడ్డాయి. ఆయన చొక్కా దులుపుకుని, వంగి ఇంజనును చూశాడు. శానాసేపు చూశాడు.

"ఇంజను బాగుండాది. తిప్పుకోండి," అని నా వైపు తిరిగాడు. "పాపా, మా జీపు వెనక తలుపు గుంతల్లో ఊరికే తెరుచుకుంటాది. ఆ ముడేదో దానికీ ఒకటి వేసి పో."

వేశాను. కాదనడానికి నోరు రావాలి కదా!

అందుకే అవుకు నీళ్లు చేత పట్టి ప్రమాణం చేస్తున్నాను: తెరుచుకోవాల్సిన దేనికీ ఇక నా చేత్తో ముడి వేయను. జడకు కూడా క్లిప్పే. ఆ జీపు తలుపు ఇప్పటికీ తెరుచుకోలేదట. ఎవరైనా అడిగితే నేను ఊళ్లో లేనని చెప్పండి.