పదో డోసు

2021లో సికింద్రాబాద్‌లోని మా ఆసుపత్రి గడప కరోనా తొక్కకుండా ఆపింది నేనే. నేను సూది వేసినవాళ్లలో ఒక్కరికి కూడా తర్వాత కరోనా రాలేదు. కార్ఖానా ప్రాంతంలో మా ఇంటి పక్క పార్కులో ఈ మాట ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. చెప్పినప్పుడల్లా నా వెన్ను కాస్త నిటారుగా అయ్యేది.

ఇక నిజం. చాలామందికి వచ్చింది. మరుసటి ఏడాది నాకూ వచ్చింది.

మాది బొల్లారం దారిలో పాత ఆసుపత్రి. అందులో ముప్పై ఏళ్లు మగ నర్సుగా చేశాను. ఆ జనవరిలో ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్లకే ముందుగా టీకాలు మొదలయ్యాయి. ఫిజియోథెరపీ గది ఖాళీ చేసి నీలం కుర్చీలు వేశాం. సూది పడ్డాక అరగంట అక్కడే కూర్చోవాలి. ఏడాదిగా ఒకరి మొహం ఒకరం సగమే చూసుకున్న మాకు ఆ అరగంట పండగలా ఉండేది. డాక్టర్లు, వాచ్‌మన్, వంటామె అంతా దూరం దూరంగా కూర్చుని గట్టిగా కబుర్లు చెప్పుకునేవాళ్లు. ఇప్పటికీ ఆ గొంతులు నాకు వినిపిస్తుంటాయి.

ఒక వయల్‌లో, అంటే మందు సీసాలో, పది డోసులు. తెరిచాక నాలుగు గంటల్లో వాడాలి, లేకుంటే పారేయాలి. అందుకే పదిమంది చేరితేగాని సీసా తెరవను. ఒకరోజు తొమ్మిదిమంది కూర్చున్నారు, పదో అతను లిఫ్టు దగ్గర ఉన్నానని ఫోన్ చేశాడు. నమ్మి తెరిచాను. అతను లిఫ్టు దగ్గర్నుంచే భయపడి వెనక్కి పోయాడు.

నాలుగో గంట నడుస్తుండగా గది తుడవడానికి జైనబి వచ్చింది. కోవిడ్ వార్డులో ఆయా, ఉండేది సీతాఫల్‌మండిలో. యాభై దాటాయి, షుగర్ ఉంది. జాబితాలో పేరుంది, మూడుసార్లు పిలిచినా రాలేదు. సూదితో ఏమన్నా అయితే తనను ఎవరు చూస్తారని ఆమె భయం.

పార్కులో చెప్పే కథలో ఇక్కడ నేను అరగంట సైన్సు బోధిస్తాను. నిజానికి గోడ గడియారం చూశాను, ఒక్క అబద్ధం చెప్పాను.

"ఈ సూది పడ్డదంటే కరోనా నీ దిక్కు సుత చూడదు జైనబీ. గ్యారంటీ నాది."

"పక్కానా సార్?"

"పక్కా."

ఆమె చేయి చాపింది. సీసా ఖాళీ అయింది. ఒక్క చుక్క వృథా కాలేదని ఆరోజు ఎంత పొంగిపోయానో! రెండో డోసుకు తనే వచ్చింది.

అంతకుముందు జైనబి మెట్ల దగ్గర కిటికీ పక్కన ఒక్కతే కూర్చుని తినేది. రెండో డోసు తర్వాత ఆయాలందరితో చిన్న గదిలో, మాస్కు గడ్డం కిందికి లాగి, ఒకరి డబ్బాలోది ఒకరు తింటూ కనిపించింది. సిస్టర్ కోప్పడితే, సార్ గ్యారంటీ ఇచ్చాడని చెప్పింది. నేను విని, నవ్వుకుంటూ పోయాను. ఆ నవ్వు తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఏప్రిల్‌లో వార్డులు నిండిపోయాయి. జైనబికి జ్వరం వచ్చింది, పరీక్ష చేస్తే పాజిటివ్. ఇంట్లోనే ఉండమన్నారు. ఆక్సీమీటర్, అంటే వేలికి తగిలించి రక్తంలో ఆక్సిజన్ చూసే చిన్న యంత్రం, ఒకటి పంపించాను. రోజూ పొద్దున్నే ఫోన్ చేసి ఎంతుందో అడిగేవాణ్ణి. ఆమె చెప్పాకే టీ తాగేవాణ్ణి.

మొదటిసారి మాట్లాడినప్పుడు ఆమె అడిగింది ఒక్కటే. "రాదన్నవ్ కద సార్?"

"అబద్ధం చెప్పిన జైనబీ. సూది పడ్డా రావచ్చు. ప్రాణం మీదికి రాకుండా శానా వరకు కాపాడుతది. దానికి సుత గ్యారంటీ లేదు. తొంభై నాలుగు కన్నా తగ్గితే వెంటనే చెప్పు, అంబులెన్సు పంపిస్త."

ఆమె అంది: "గా ముచ్చట అప్పుడే చెప్తే నేను మాస్కు తీయకపోతుంటి."

తొంభై ఐదు దాకా దిగి, రెండు రోజులు అక్కడే ఆగి, మళ్లీ ఎక్కింది. అదే వారం మా వార్డులో ఆమె వయసువాళ్లు, షుగర్ ఉన్నవాళ్లు, టీకా ఇంకా అందనివాళ్లు ఊపిరి కోసం కొట్టుకుంటున్నారు. ఒక్క మనిషిని చూసి టీకా పనితనం తేల్చకూడదు. కానీ మా స్టాఫ్‌లో రెండు డోసులూ పడ్డవాళ్లు జ్వరాలతో పడకేసి, చాలావరకు ఇళ్లలోనే కోలుకుని డ్యూటీకి రావడం కళ్లారా చూశాను.

ఆ తర్వాత నా కుర్చీలో కూర్చున్న ప్రతివాళ్లకూ టీకా ఏం చేస్తుందో, ఏం చేయలేదో రెండూ చెప్పాకే సూది చేతబట్టాను. విని కొందరు లేచిపోయారు. రెండు మూడుసార్లు డోసులు పారేయాల్సి వచ్చింది. పారేశాను. జైనబి ఆరోజు సీసా నిండడానికి చేయి చాపలేదు, నా మాట నమ్మి చాపింది. అది తెలుసుకోవడానికి నాకు ముప్పై ఏళ్ల సర్వీసు పట్టింది.

మొన్న జైనబి మా ఇంటికి వస్తే ఇదంతా చదివి వినిపించాను. చాయ్ పూర్తిగా తాగి, కప్పు కింద పెట్టింది.

"మంచిగనే రాసినవ్ సార్. ఒక్కటే తప్పు. ఫోన్ నువ్వు చెయ్యలే, నేను చేసిన. మొదటి మూడు దినాలు నువ్వు ఎత్తనే లేదు."